చేపల చెరువుకు గండి పడి పక్కవారికి నష్టం జరిగింది: నా తప్పేమీ లేకపోయినా బాధ్యత నాదేనా?

ప్రశ్న: పర్లాకిమిడి రైతు

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరగా, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న పల్లె. మా పొలం ఒడిశాలో ఉంటే పక్క పొలం శ్రీకాకుళం జిల్లాలో పడుతుంది; మధ్యలో ఒక గట్టు, దాని మీద సర్వే రాయి, అంతే. ఆ పొలం వారు ఊరి వరసలో నాకు మావయ్య అవుతారు. వారు అందులో బ్రాయిలర్ కోళ్ళ షెడ్డు వేసుకున్నారు.

నేను నా పట్టా భూమిలో చేపల చెరువు తవ్వించాను. ఆ పని నాకు తెలియదు కనుక, ఈ చుట్టుపక్కల ఎన్నో చెరువులు తవ్విన కాంట్రాక్టరుకు అప్పగించాను. గట్టు ఎంత వెడల్పు ఉండాలి, తూము ఎక్కడ పెట్టాలి, మట్టిని ఎన్ని పొరలుగా గట్టిపరచాలి అన్నవన్నీ అతడు తీసుకువచ్చిన ఇంజనీరే నిర్ణయించాడు. ఖర్చు దగ్గర నేను వెనకాడలేదు, ఏ పనీ సగంలో ఆపించలేదు.

పోయిన వర్షాకాలంలో అల్పపీడనం పట్టి వానలు పడుతుండగా, ఒక రాత్రి గట్టు అడుగున బుంగ పడి తెల్లవారేసరికి అది గండిగా మారింది. నీరంతా పల్లంలో ఉన్న షెడ్డులోకి పోయి, అమ్మకానికి ఎదిగిన కోళ్ళు చాలావరకు చనిపోయాయి, దాణా బస్తాలు తడిసిపోయాయి, ఒక పక్క గోడ కూలింది. తరువాత తవ్వి చూస్తే గట్టు కింద ఎప్పుడో పూడ్చివేసిన సాగు కాలువ ఒకటి బయటపడింది. అది తహసీలు కార్యాలయపు పటంలో లేదు, ఊళ్ళో వయసు మళ్ళిన వారికి కూడా దాని సంగతి తెలియదు. చెరువు నీరు ఆ పాత కాలువలోని వదులు మట్టిని తోసుకుంటూ గట్టు కింద నుంచి దారి చేసుకుంది.

మావయ్య నష్టపరిహారం అడుగుతున్నారు. నేను కావాలని చేయలేదని, అజాగ్రత్తగా కూడా లేనని వారే ఒప్పుకుంటున్నారు; అయినా తమ నష్టానికి నేనే జవాబుదారీనని వారి వాదన. చెడ్డ ఉద్దేశమూ లేక, నిర్లక్ష్యమూ లేక జరిగిన దానికి ఒక మనిషిని చట్టం బాధ్యుణ్ణి చేయగలదా? చేయగలిగితే ఏ న్యాయం మీద? వాన కురిపించినది నేను కాదు, ఆ కాలువ పూడ్చినదీ నేను కాదు.

జవాబు: బరంపురం న్యాయవాది

మీ ప్రశ్నలో ఉన్న సంగతులు చూసి ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఈ విషయంలో మొదటి పెద్ద తీర్పు దాదాపు ఇవే సంగతుల మీద వచ్చింది. ఇంగ్లండులోని లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని తన మిల్లు కోసం జలాశయం కట్టించాడు. పని తెలిసిన ఇంజనీరును, కాంట్రాక్టర్లను పెట్టుకున్నాడు. జలాశయం అడుగున వాడకం మానేసిన పాత గని దారులు ఉన్నాయని అతడికి తెలియదు. 1860 డిసెంబరులో నీరు ఆ దారుల గుండా పోయి పక్కనే ఉన్న ఫ్లెచర్ బొగ్గు గనిని ముంచింది. రైలాండ్స్ స్వయంగా అజాగ్రత్త చూపలేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా 1866లో అప్పీలు కోర్టులో జస్టిస్ బ్లాక్‌బర్న్, 1868లో అప్పట్లో ఆ దేశపు అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ అతడే చెల్లించాలని తీర్పు చెప్పారు. తన అవసరం కోసం తన భూమిలోకి, తప్పించుకుంటే హాని చేసే వస్తువును తెచ్చి నిలవ చేసినవాడు, అది తప్పించుకొని పోయి చేసిన హానికి తానే జవాబుదారీ అన్నది బ్లాక్‌బర్న్ చెప్పిన సూత్రం. అటువంటి వాడకం ఆ భూమికి సహజమైనది కాకూడదన్న షరతును హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ కెయిర్న్స్ జోడించారు. దీనినే మనం కఠిన బాధ్యత అంటున్నాం.

కనుక కాంట్రాక్టరు పేరు చెప్పి మీరు తప్పుకోవడం కష్టం. అతడి మీద మీకు వేరే హక్కు ఉండవచ్చు, అది మీ ఇద్దరి మధ్య ఒప్పందం సంగతి.

అయితే ఇక్కడితో మీరు ఓడిపోయినట్లు కాదు. ఈ సూత్రం మన దేశానికి వచ్చినప్పుడు దానికి ఎదురైన మొదటి అడ్డంకి తెలుగు నేల మీదే ఎదురైంది. నేటి చిత్తూరు ప్రాంతంలోని కార్వేటినగరం జమీందారీలో భారీ వర్షాలకు చెరువులు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలను కొట్టుకుపోయింది. కంపెనీ రైలాండ్స్ తీర్పు చూపించి జమీందారు మీద దావా వేసింది. 1874లో, అప్పట్లో మన దేశపు ఆఖరి అప్పీళ్ళు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ దావాను తోసిపుచ్చింది. ఈ దేశపు సేద్యం అనాదిగా చెరువుల మీద ఆధారపడి ఉన్నదని, వాటిని నిలబెట్టడం జమీందారుకు హక్కు మాత్రమే కాక విధి కూడా అని, తనకు ఇష్టం లేకపోయినా అతడు వాటిని పూడ్చివేయలేడని, అందువల్ల నిర్లక్ష్యం రుజువైతేనే అతడు బాధ్యుడని కౌన్సిల్ భావించింది. నా దృష్టిలో ఆ కాలపు తీర్పుల్లో ఇంత నేల తెలిసిన తీర్పు మరొకటి లేదు.

ఇప్పుడు మీ చెరువు కార్వేటినగరం చెరువు వంటిదా, రైలాండ్స్ జలాశయం వంటిదా అన్నదే అసలు ప్రశ్న. పది పొలాలకు నీరిచ్చే పాత ఊరి చెరువు అయితే మీకు 1874 నాటి తీర్పు అండగా నిలుస్తుంది. మీది అమ్మకం కోసం, లాభం కోసం, ఒకరు బలవంతం చేయకుండా మీరు కొత్తగా తవ్వించుకున్న చెరువు. పంటకు నీరు పెట్టుకోవడం భూమికి సహజమైన వాడకమని మన కోర్టులు చాలాసార్లు అన్నాయి. చేపల పెంపకం కూడా ఈ ప్రాంతంలో వ్యవసాయంలో భాగమైపోయిందని మీ వకీలు వాదించవచ్చు. ఆ వాదనకు బలం లేకపోలేదు, కాని దాని మీదే ఆధారపడమని నేను సలహా ఇవ్వను.

వాన సంగతి. దైవకృత్యం, అంటే ఎవరూ ఊహించలేని ప్రకృతి ఘటన, అన్న మినహాయింపు రైలాండ్స్ సూత్రంలో ఉంది. 1876లో ఒక ఇంగ్లీషు కేసులో అంతకుముందు ఎవరూ ఎరుగనంత వాన పడి కృత్రిమ సరస్సులు తెగితే యజమాని బయటపడ్డాడు. 1917లో గ్రీనాక్ పట్టణానికి సంబంధించిన స్కాట్లాండు కేసులో మాత్రం ఎంత పెద్ద వానైనా ఆ దేశంలో ఊహించదగినదే అన్నారు. మన సంగతి ఆలోచించండి. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఇటువంటి చోట వర్షాకాలంలో పట్టిన మామూలు అల్పపీడనాన్ని ఎవరూ ఊహించలేని దైవఘటన అని న్యాయమూర్తి ముందు చెప్పడం తేలిక కాదు.

జవాబు: గుణుపురం కోళ్ళ రైతు

నేను చట్టం చదివినవాణ్ణి కాను, కాని మీ మావయ్య గారి స్థానంలో ఉండి ఆలోచించగలను. మీరు అడిగిన ప్రశ్నలో ‘నా తప్పేమిటి’ అన్న మాటే ముందు ఉంది. ఆయన తప్పు మాత్రం ఏమిటి? నష్టం ఎలాగూ జరిగిపోయింది, దానిని ఇద్దరిలో ఎవరో ఒకరు మోయక తప్పదు. చెరువు లాభిస్తే ఆ లాభంలో ఆయనకు వాటా లేదు. పక్కన అంత నీరు నిలవ ఉండాలా వద్దా అని ఆయనను అడిగినవారూ లేరు. నీటిని అక్కడికి తెచ్చినవారు ఆ ప్రమాదాన్ని కూడా తెచ్చినట్లే కదా.

ఒక్క విషయంలో మాత్రం మీ పక్షాన మాట్లాడతాను. పల్లంలో షెడ్డు వేసుకున్నవారికి పై పొలం నుంచి వాన నీరు రావడం సహజం, దానికి ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఆ రాత్రి వాన నీటి వల్ల ఎంత పాడైంది, చెరువు నీటి వల్ల ఎంత పాడైంది అన్నది విడదీసి చూడాలి. అలాగే ఎదిగిన కోళ్ళు ఎన్ని, ఆ వారం ఫారం ధర ఎంత, దాణా బిల్లులు ఉన్నాయా అన్నవి ఆయన చూపించవలసిందే. మా వైపు ఇటువంటి సందర్భాల్లో చనిపోయిన కోళ్ళను పూడ్చకముందే పశువైద్యుడిని పిలిపించి కాగితం రాయించుకోవడం అలవాటు. ఆయన ఆ పని చేశారో లేదో కనుక్కోండి.

జవాబు: బరంపురం న్యాయవాది

పై మిత్రులు చెప్పిన వాన నీటి మాట చట్టంలో కూడా ఉంది. మెరక భూమిలో సహజంగా పడిన నీరు, ఊరిన నీరు పల్లపు భూమి మీదుగా పోవడానికి మెరక భూమి యజమానికి హక్కు ఉన్నదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఏడవ సెక్షన్ ఉదాహరణల్లోనే చెప్పారు. కాని ఆ హక్కు మనిషి గట్టు కట్టి నిలవ చేసిన నీటికి వర్తించదు. నష్టం రుజువు చేసే భారం వాదిదేనన్నది కూడా నిజం. కఠిన బాధ్యతలో రుజువు చేయనక్కరలేనిది తప్పు ఒక్కటే; ఆ నీరే ఆ హాని చేసిందని, హాని విలువ ఇంతని వాది చూపించి తీరాలి.

జవాబు: రాయగడ విశ్రాంత ఉద్యోగి

నేను చాలాకాలం ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేశాను. న్యాయవాది గారు చెప్పిన కఠిన బాధ్యత దగ్గర మన దేశం ఆగిపోలేదు కాబట్టి ఆ తరువాతి కథ కూడా ఇక్కడ చెప్పడం అవసరం అనుకుంటున్నాను, లేకపోతే ఎవరైనా రెండింటినీ కలిపేసి మిమ్మల్ని భయపెట్టవచ్చు.

1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. సరిగ్గా ఏడాది తరువాత, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. న్యాయవాది ఎం.సి. మెహతా దాఖలు చేసిన కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ధర్మాసనం 1986 డిసెంబరులో తీర్పు ఇస్తూ, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సూత్రం ఈనాటి పరిశ్రమలకు సరిపోదని స్పష్టంగా చెప్పింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపి లాభం పొందే సంస్థ దాని వల్ల కలిగిన హానికి సంపూర్ణంగా బాధ్యత వహించాలి. దైవకృత్యం, మూడో వ్యక్తి చర్య వంటి మినహాయింపులేవీ దానికి చెల్లవు. పరిహారం కూడా సంస్థ ఎంత పెద్దదో చూసి, దాని శక్తిని బట్టి నిర్ణయించాలి. ఇంత గొప్ప సూత్రం చెప్పిన కోర్టు ఆ కేసులో పరిహారం మాత్రం తానే నిర్ణయించకుండా బాధితుల తరఫున దావాలు వేయమని న్యాయసహాయ మండలికి అప్పగించింది. ఆ మాటలు తీర్పులో యథాలాపంగా వచ్చినవేనని కొందరు వాదించారు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామంలో రసాయన వ్యర్థాలు బావులను పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఆ వాదనను కొట్టివేసి, అదే సూత్రాన్ని అమలు చేసింది.

2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో తప్పుతో నిమిత్తం లేని బాధ్యతను 17వ సెక్షన్‌లోనే రాశారు. 2020 మే 7న విశాఖలో ఒక కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది మరణించినప్పుడు, మరునాడే ఆ ట్రిబ్యునల్ ఆ సంస్థను రూ. 50 కోట్లు జమ చేయమన్నది అందుకే. ఎవరి తప్పు అన్న విచారణ పూర్తయ్యేదాకా బాధితులు ఆగనక్కరలేదు. కర్మాగారం లోపల జరిగే ప్రక్రియ బయటివాడికి తెలిసే అవకాశమే లేదు కాబట్టి, తప్పు రుజువు చేయమని అతణ్ణి అడగడం అంటే పరిహారం ఇవ్వనని చెప్పడమే. లోపల పనిచేసినవాడిగా ఈ మాట నమ్మకంతో చెప్పగలను.

కాని చేపల చెరువు నీరు ఓలియం కాదు. మీ విషయంలో సంపూర్ణ బాధ్యత గాని, ప్రమాదకర పదార్థాలకు వర్తించే 1991 నాటి ప్రజా బాధ్యతా బీమా చట్టం గాని వచ్చే అవకాశం నాకు కనిపించడం లేదు. మీకు మినహాయింపులు తెరిచే ఉన్నాయి, అవి నిలుస్తాయా లేదా అన్నది వేరే మాట.

మళ్ళీ అడిగినది: పర్లాకిమిడి రైతు

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మూడు సందేహాలు మిగిలాయి. మొదటిది, మన దేశంలో కర్మాగారాలు కాక మామూలు మనుషుల మధ్య ఈ సూత్రం నిజంగా అమలైందా? రెండవది, నేను డబ్బు ఇస్తే తప్పు ఒప్పుకున్నట్లయి క్రిమినల్ కేసు పెడతారని కొందరు బెదిరిస్తున్నారు. మూడవది, దావా వేస్తే అది ఒడిశాలో నడుస్తుందా, ఆంధ్రలోనా? ఇరువైపుల పెద్దమనుషులు కూర్చొని సగం సగం భరించమంటున్నారు.

జవాబు: బరంపురం న్యాయవాది

మొదటిదానికి రెండు సుప్రీంకోర్టు తీర్పులు చెబుతాను. 2001 నాటి కౌస్నుమా బేగం కేసులో జీపు ముందు టైరు పేలి బండి అదుపు తప్పి దారిన పోయేవాడి ప్రాణం తీసింది. డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాలేదు. అయినా రైలాండ్స్ సూత్రం పేరు చెప్పే పరిహారం ఇప్పించారు. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో, రాత్రి పని ముగించుకొని సైకిలు మీద ఇంటికి పోతున్న కార్మికుడు, వాన నీరు నిలిచిన రోడ్డు మీద తెగిపడిన కరెంటు తీగ తగిలి మరణించాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్ల తీగ తెగిందని బోర్డు చెప్పుకున్నది. అంత ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవారు ఆ సాకు చెప్పి తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. తీగలు తెగి పశువులు చచ్చిపోయే మన ఊళ్ళలో ఈ తీర్పు అందరికీ తెలిసి ఉండవలసినది, దురదృష్టవశాత్తు లైన్‌మన్లకు కూడా తెలియదు. ఇక రైలు ప్రయాణంలో జరిగే ప్రమాదాలకు రైల్వే చట్టం 124ఎ సెక్షన్, మోటారు ప్రమాదాలకు 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షన్ తప్పుతో పని లేకుండానే పరిహారం ఇస్తాయి. రెండవదాని కింద మరణానికి రూ. 5 లక్షలు, తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు.

ప్రపంచమంతా ఇదే దారిలో లేదని కూడా న్యాయంగా చెప్పాలి. ఆస్ట్రేలియా ఉన్నత న్యాయస్థానం 1994లో రైలాండ్స్ సూత్రాన్ని విడిగా ఉంచనక్కరలేదని, దానిని నిర్లక్ష్యపు నియమంలోనే కలిపివేసింది. ఇంగ్లండు కూడా అంతకు కొద్ది నెలల ముందే, 1993 డిసెంబరులో, ఎటువంటి హాని జరగవచ్చో ముందుగా ఊహించగలిగి ఉంటేనే బాధ్యత అని దానిని కుదించింది. మీ పాత కాలువ విషయంలో మీ వకీలు ఈ రెండవ తీర్పును తప్పక ప్రస్తావించాలి. నీరు గట్టు దాటితే పల్లం మునుగుతుందని మీరు ఊహించలేకపోయారా అని ఎదుటి వకీలు అడుగుతాడు. కాలువ తెలియకపోయినా పల్లం ఎటు ఉందో మీకు తెలుసు. దానికి సిద్ధంగా ఉండండి.

క్రిమినల్ కేసు గురించి బెంగ పడకండి. మీ వంటి సందర్భంలో నేరానికి మనసులో ఉద్దేశమో, తెలిసి ఉండటమో, కనీసం నిర్లక్ష్యమో కావాలి. తగిన జాగ్రత్తతో చట్టబద్ధమైన పని చేస్తుండగా ప్రమాదవశాత్తు జరిగినది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 18వ సెక్షన్ చెబుతుంది. పూర్వం శిక్షాస్మృతిలో 80వ సెక్షన్‌గా ఉన్నది ఇదే. ఆస్తికి నష్టం కలిగించడమన్న నేరానికి కూడా ఉద్దేశం గాని, నష్టం జరుగుతుందన్న ఎరుక గాని ఉండాలి. పరిహారం ఇవ్వడం శిక్ష కాదు, అది తప్పు ఒప్పుకోవడమూ కానక్కరలేదు. తప్పును అంగీకరించకుండా, వివాదాన్ని ముగించడానికి ఇస్తున్నానని కాగితంలో స్పష్టంగా రాయించుకుంటే సరిపోతుంది.

దావా ఎక్కడ అన్నదానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే జవాబు ఉంది. షెడ్డు గోడ స్థిరాస్తి, దానికి జరిగిన నష్టానికి 16వ సెక్షన్ ప్రకారం ఆ భూమి ఉన్న చోటి కోర్టు, అంటే ఆంధ్ర వైపు కోర్టు. కోళ్ళు, దాణా చరాస్తి, వాటికి 19వ సెక్షన్ ప్రకారం హాని జరిగిన చోట గాని, మీరు నివసించే చోట గాని వాది ఎంచుకోవచ్చు. కాబట్టి మావయ్య గారు రెండింటినీ కలిపి తమ వైపే వేస్తారని అనుకోవడం మంచిది. ఇటువంటి దావాకు గడువు సాధారణంగా మూడేళ్ళు.

సగం సగం అన్న పెద్దమనుషుల మాట చట్టపు లెక్క కాదు, కాని చెడ్డ మాట కూడా కాదు. ఇద్దరికీ నచ్చిన మొత్తం కుదిరితే దానిని వట్టి కాగితంగా వదిలేయకుండా లోక్ అదాలత్ ముందు పెట్టండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, ఇరువురిలో ఎవరి వారసులూ మళ్ళీ తిరగతోడలేరు. మావయ్య గారికి కోళ్ళ బీమా ఉండి కంపెనీ ఇప్పటికే కొంత చెల్లించి ఉంటే మాత్రం, ఆ మేరకు మీ మీద వచ్చే హక్కు బీమా కంపెనీకి పోతుంది. డబ్బు చేతికి ఇచ్చేముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

ఇక కాంట్రాక్టరు. అతడితో మీ ఒప్పందం కాగితం మీద ఉందో, నోటి మాటగానే జరిగిందో మీరు రాయలేదు. గట్టు వేసేముందు కింద నేలను పరీక్షించడం అతడి పనిలో భాగమని చూపగలిగితే, మీరు మావయ్య గారికి ఇచ్చినదాన్ని అతడి నుంచి రాబట్టుకోవడానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఉంది. ఇంజనీరు గీసిన నక్షా, మీరు చెల్లించిన బిల్లులు, తవ్వినప్పుడు బయటపడిన కాలువ ఫొటోలు అన్నీ ఒకచోట పెట్టుకొని, గండి పూడ్చకముందే ఆ చోటును ఎవరైనా లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలిపించండి.